గాలి తగ్గాక కూడా కరెంటు ఎందుకు రాదంటే

కాలిఫోర్నియాలో మీ అమ్మాయికి రెండు రోజులు కరెంటు ఆపేస్తామని మెసేజ్ వచ్చిందని, అక్కడికి వెళ్లిన మీవారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉందని రాశారు. టెన్షన్ పడకండమ్మా. మన బెంగళూరు మారతహళ్లిలో మెయింటెనెన్స్ కోసం పదింటికి తీసి ఐదింటికి ఇచ్చే కోత లాంటిది కాదిది. ఎండిన కొండల్లో ఈదురుగాలికి తీగ తెగినా, కొమ్మ తగిలినా, కార్చిచ్చు రేగడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. 2018లో అక్కడి పారడైజ్ అనే ఊరు కాలిపోయి 85 మంది పోయింది కరెంటు లైను వల్లే. అందుకే పెద్ద గాలి వస్తుందంటే ముందే కరెంటు తీసేస్తారు. గాలి తగ్గినా, లైను పొడవునా చూసుకున్నాకే మళ్లీ ఇస్తారు.

ఇన్సులిన్‌లో చాలా రకాలు 30 డిగ్రీలు దాటకపోతే బయట 28 రోజుల దాకా ఉంటాయి. మీవారు వాడేది ఏ రకమో చెప్పి అక్కడి ఫార్మసీలో ఒకసారి అడగమనండి. ఐస్‌కి నేరుగా ఆనించొద్దు. గడ్డకడితే పారేయాల్సిందే. మందపాటి తువ్వాల్లో చుట్టి ఐస్ వేసిన కూలర్ పెట్టెలో పెడితే చాలు.

కారు ముందే బయట పెట్టుకోమనండి. గ్యారేజీ తలుపు మోటారుది. కరెంటు లేకపోతే పైన వేలాడే ఎర్ర తాడు లాగి చేత్తో ఎత్తాలి. మా తమ్ముడు ఆ తాడు దేనికో తెలియక క్యాబ్‌లో ఆఫీసుకెళ్లాడు! వైఫై కూడా పోతుంది, వాట్సాప్ కాల్ ఎత్తలేదని కంగారుపడకండి.