పదో సంతకం

తల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేశాడు. వచ్చే శాసనసభ ఎన్నికల్లో నువ్వు మన నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానంటున్నావట. వాడి గొంతులో భయం తెలిసిపోతూనే ఉంది. నాకూ భయమే వేసింది. అయినా ఫోను పెట్టేసిన మరుక్షణం మీ పెద్దమ్మను నిద్రలేపి, మన ఇంటి పిల్ల ఎమ్మెల్యేగా పోటీ చేస్తుందట అని చెప్పాను. ఆమె లేచి కూర్చుని, "పిల్ల వేళకు తింటోందో లేదో అడిగారా?" అంది. తర్వాత ఇద్దరికీ నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నిన్ను ఆపడానికి రాయడం లేదు. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం హైదరాబాదు నుంచి బస్సెక్కి వచ్చి, రచ్చకట్ట మీద కూర్చుని ముసలివాళ్ళ పింఛను కాగితాలు రాసిపెడుతున్నావు. అది చూసిన నేను నిన్నెలా వద్దంటాను?

తెలిసిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఇరవై అయిదేళ్ళు నిండాలి, నీకు నిండాయి. ధరావతు 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే అది పోతుంది. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే ఎన్నికల ఖర్చు కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరువు. ఖర్చు పరిమితి 40 లక్షలు. నీకు అందులో పదో వంతు కూడా పుట్టదు కానీ, టీ నీళ్ళకు పెట్టిన పది రూపాయలైనా పుస్తకంలో ఎక్కాలి. గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు అప్పగించాలి. అప్పగించనివాళ్ళను మూడేళ్ళు పోటీకి అనర్హులను చేయవచ్చు. ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలు ప్రమాణపూర్వకంగా రాసిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకు. ఆస్తి లేకపోతే 'లేదు' అని రాయి. నామినేషన్ ఇచ్చాక అధికారి ముందు ప్రమాణం చేయడం మరిచిపోకు, అధికారి నామినేషన్లను పరిశీలించే రోజుకు ముందే అది పూర్తి కావాలి.

నీ ఓటు హైదరాబాదులో ఉందని మీ నాన్న దిగులుపడుతున్నాడు. అందులో దిగులేమీ లేదు. రాష్ట్రంలో ఏ శాసనసభ నియోజకవర్గంలో ఓటున్నా మన దగ్గర నిలబడవచ్చు. కాకపోతే అక్కడి ఓటర్ల జాబితాలో నీ పేరున్న భాగానికి ధ్రువీకరించిన నకలు తీసుకొని నామినేషన్‌తోపాటే ఇవ్వు. పరిశీలన సమయంలోనైనా చూపించవచ్చని చట్టం అంటుంది, కానీ నువ్వు అంతదాకా ఆగవద్దు.

ఇప్పుడు నీకు చీవాట్లు. నియోజకవర్గం మొత్తం నాకు తెలుసు అన్నావట. ఏయే మండలాలు, ఏయే ఊళ్ళు అని మీ నాన్న అడిగితే జిల్లా పటం చూపించావట! తల్లీ, జిల్లా వేరు, నియోజకవర్గం వేరు. మన తెలంగాణలోని 119 నియోజకవర్గాల హద్దులు 2001 జనాభా లెక్కల మీద 2008లో గీసినవి. 2016లో పది జిల్లాలను ముప్పై ఒకటి చేశారు, తర్వాత అవి ముప్పై మూడయ్యాయి. నియోజకవర్గాలు మాత్రం కదలలేదు. హుస్నాబాద్‌నే తీసుకో, అది ఇప్పుడు సిద్దిపేట, కరీంనగర్, హనుమకొండ మూడు జిల్లాల్లో పరుచుకొని ఉంది. హుజూరాబాద్ నియోజకవర్గం కరీంనగర్ జిల్లాలో ఉంటే, అందులోని కమలాపూర్ మండలం హనుమకొండ జిల్లాలో ఉంది. ఆ కమలాపూర్ ఒకప్పుడు తానే ఒక నియోజకవర్గం. 2008 పునర్విభజనలో ఆ పేరే పోయింది. అక్కడి వాళ్ళు 2009లో హుజూరాబాద్ ఎమ్మెల్యేను ఎన్నుకున్నారు. జిల్లా పటం పక్కన పెట్టి, పునర్విభజన ఉత్తర్వులో మన నియోజకవర్గం కింద ఏమేం రాశారో అది చదువు.

నీకు ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటి ఉంది. మీ నాన్నకు కూడా సగమే తెలుసు.

నేను ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. తూర్పున ఫలానావారి పొలం, పడమర బండ్ల బాట, ఉత్తరాన వాగు, దక్షిణాన పోరంబోకు, ఇలా ఎన్ని వేల హద్దులు రాశానో లెక్కలేదు. నేను రాసిన కాగితంలో హద్దు తప్పిందని ఎవరూ కోర్టుకెక్కలేదు. ఆ గర్వంతోనే 2009లో నా మిత్రుడు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడతానంటే కాగితాల పని మొత్తం నా నెత్తిన వేసుకున్నాను. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు, అంటే అభ్యర్థి పేరు ప్రతిపాదిస్తూ నామినేషన్ మీద సంతకం పెట్టే ఓటరు, చాలు. స్వతంత్రుడికి పది మంది కావాలి, పది మందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయి ఉండాలి. నేను సరిగ్గా పది మందిని కూడగట్టాను. ఒక్కరు కూడా ఎక్కువ లేరు.

మార్చి నెలాఖరు, నామినేషన్లకు చివరి రోజు. మధ్యాహ్నం ఒంటిగంటకు తొమ్మిది మంది వచ్చారు. పదోవాణ్ణి ఎవరో బెదిరించారు, ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయాడు. మూడు గంటలకు గడువు ముగుస్తుంది. వేప చెట్టు కింద అందరం తలలు పట్టుకొని కూర్చున్నప్పుడు, మాతో వచ్చిన మేకల కాపరి ముసలాయన "నేను పెడతానయ్యా సంతకం" అన్నాడు. వాగు అవతలి ఊరు ఆయనది. రాత్రిబడిలో నేర్చుకున్న నాలుగక్షరాల సంతకం. కాగితం చెదరకుండా ఎడమచేత్తో అదిమిపట్టి, ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటూ పెట్టాడు. నా సంచిలో పాత ఎన్నికల నాటి జాబితా కట్ట ఉంది. అందులో ఆయన పేరు దొరికింది. ఆయన పేరున్న భాగం సంఖ్య, అదే పార్టు నంబరు, వరుస సంఖ్య చకచకా ఎక్కించేశాను.

వాగు అవతలి మండలం పునర్విభజనలో పక్క నియోజకవర్గానికి పోయింది. పేపర్లో నేనే చదివాను, అందరికీ నేనే చదివి వినిపించాను కూడా. అయినా ఆ క్షణాన గుర్తు రాలేదు. చిన్నప్పటి నుంచి ఆ ఊరివాళ్ళు, మేము ఒకే ఎమ్మెల్యేకు ఓటు వేశాం. అది మన వైపే అని మనసులో పాతుకుపోయింది.

నామినేషన్ తీసుకునేటప్పుడే పేర్లను, నంబర్లను జాబితాతో సరిచూస్తారు. మేము లోపలికి వెళ్ళేసరికి గడువుకు పది నిమిషాలే ఉంది, వెనుక ఇంకా మనుషులు ఉన్నారు. అప్పుడు ఎవరికీ కనపడలేదు. మర్నాడు పరిశీలనలో రిటర్నింగ్ అధికారి కొత్త జాబితా తెరిచి ఆ పార్టులో, ఆ వరుస సంఖ్య దగ్గర వేలు పెట్టి చదివాడు. ఎవరో ఇరవై రెండేళ్ళ అమ్మాయి పేరు. ముసలాయన ఊరే ఆ జాబితాలో లేదు. పేరులో అక్షరం తప్పితే సర్దుకుంటారు, అలాంటి చిన్న లోపాలకు నామినేషన్ కొట్టేయకూడదని చట్టంలోనే ఉంది. ప్రతిపాదకుడు ఆ నియోజకవర్గం ఓటరే కాకపోతే సర్దడానికి ఏమీ ఉండదు. గడువు కూడా అయిపోయింది. తిరస్కరించారు.

నా మిత్రుడు నన్ను ఒక్క మాట అనలేదు. ధరావతు తిరిగి వచ్చింది. ఆయన మళ్ళీ ఎప్పుడూ పోటీ చేయలేదు. ఆ రాత్రి ముసలాయన వాగు దాటి మా ఇంటికి వచ్చాడు. గడప బయటే నిలబడి, "నా వల్లే పోయిందట కదయ్యా. నా ఓటు అటు పోయిందని నాకెవరూ చెప్పలేదు" అన్నాడు. తప్పు నీది కాదు, నాది అని ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. పోయేదాకా నమ్మలేదు. పదహారేళ్ళు దాటింది, వాగు వైపు వెళ్ళినప్పుడల్లా నాకు ఆ మాటే వినబడుతుంది.

అందుకే చెబుతున్నాను. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల వరకు నామినేషన్లు వేయవచ్చు. నువ్వు నాలుగూ వెయ్యి. ప్రతి సెట్టుకూ వేరే పది మందిని పెట్టు. నలభై మంది దొరకడం కష్టమని నాకు తెలుసు. వాగు ఇవతల ఊరికి ఇద్దరిని అడిగినా దొరుకుతారు, నువ్వు పింఛను రాసిపెట్టిన ఇళ్ళకు వెళ్ళు. పెద్దవాళ్ళలో వేలిముద్ర వేసేవాళ్ళుంటే అది అధికారి ముందు పడాలి, వాళ్ళను వెంట తీసుకెళ్ళడానికి బండి చూసుకో. గడువు మొదలైన మొదటి రోజే మొదటి సెట్టు ఇచ్చెయ్యి. ఏదైనా తప్పు బయటపడితే దిద్దుకోవడానికి రోజులు మిగులుతాయి. పరిశీలన రోజు నువ్వే ఉండు, ఎవరినో పంపి ఇంట్లో కూర్చోకు. కొత్త జాబితా నకలు చేతిలో పెట్టుకో.

ఇంకో భయం కూడా ఉంది. శేరిలింగంపల్లిలో ఓటర్లు 7 లక్షలు దాటారు. భద్రాచలంలో లక్షన్నర కూడా లేరు, 2014లో అక్కడి మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఇంత తేడా ఉన్నప్పుడు హద్దులు మళ్ళీ గీయక తప్పదు. 2014 విభజన చట్టంలోనే మన స్థానాలను 119 నుంచి 153కు పెంచాలని రాశారు. రాజ్యాంగం ప్రకారం 2026 తర్వాత జరిగే తొలి జనాభా లెక్కల దాకా ఆ పని ఆగింది. ఆ గీత ఎప్పుడు పడుతుందో, మన ఊరు ఏ వైపు పడుతుందో. నువ్వు రెండేళ్ళు తిరిగిన ఊళ్ళలో సగం అవతలికి పోవచ్చు. అలా పోయినా ఆ ఊళ్ళకు వెళ్ళడం మానకు. మీ ఓటు ఇప్పుడు ఫలానా నియోజకవర్గంలో ఉందని వాళ్ళకు చెప్పే మనిషి ఒకరు ఉండాలి.

వచ్చే ఆదివారం పింఛను పనులయ్యాక ఇంటికి రా. మీ పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది. కళ్ళజోడు మార్పించాను, సన్నక్షరాలు బాగానే కనబడుతున్నాయి. ఇద్దరం కూర్చుని జాబితా చూద్దాం. మొదటి సెట్టులో మొదటి సంతకం నాది. నా పార్టు నంబరు, వరుస సంఖ్య నేను నోటితో చెబుతాను కానీ నువ్వు రాసుకోవద్దు. కొత్త జాబితాలో నా పేరు మీద వేలు పెట్టి చూశాకే రాయి.

నీ పెద్దనాన్న