వెస్టన్-సూపర్-మేర్‌లో సముద్రం కనిపించకపోతే

టెన్షన్ పడకండి అండీ. ఇంగ్లండ్‌లోని ఈ సముద్రతీర పట్టణంలో మూడు వారాలకు ఇల్లు తీసుకుంటే ఎప్పుడు చూసినా బురదే, పిల్లలేమో నీళ్లంటూ గొడవ అని రాశారు కదా. ఆ ఊరి ముందున్న సముద్రపాయ బ్రిస్టల్ ఛానల్‌లో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. ఆటు సమయంలో నీళ్లు కనుచూపు మేర వెనక్కి పోతాయి. టైడ్ టైమింగ్స్ చూసుకుని పోటు వేళకు వెళ్లండి. అది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది.

నీళ్ల దాకా నడుద్దామని మాత్రం పిల్లల్ని అస్సలు వదలకండి! పైకి గట్టిగా కనిపించే ఆ బురద కాళ్లను లోపలికి లాగేస్తుంది. ఎవరైనా ఇరుక్కుంటే మీరు దిగకుండా ఎమర్జెన్సీ నంబర్ 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని చెప్పండి.

ఆటు వేళల్లో మెరైన్ లేక్‌కి తీసుకెళ్లండి. గోడ కట్టి ఉండటంతో అక్కడ నీళ్లు నిలుస్తాయి.

అత్తయ్యగారికి కావలసిన పప్పులు, మసాలాలకు రైల్లో బ్రిస్టల్ వెళ్లి, అక్కడి ఈస్టన్ ప్రాంతంలోని సెయింట్ మార్క్స్ రోడ్డులో చూడండి.