నాలుగు రూపాయల వడ్డీ, ఇంట్లోవాళ్ల ప్రశ్న

ప్రశ్న: మాది హనుమకొండ. టీచరుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. పెన్షన్ కాకుండా చేతికి 28 లక్షలు వచ్చాయి. రెండేళ్లలో అమ్మాయి పెళ్లి చేయాలి. నాతో పనిచేసిన మిత్రుడు ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి దగ్గర 5 లక్షలు పెట్టాడు. నూటికి నాలుగు రూపాయల వడ్డీ. ఎనిమిది నెలలుగా ఒకటో తారీఖుకల్లా ఠంచనుగా ముడుతోంది. పెళ్లికని పక్కన పెట్టిన 12 లక్షలు నన్నూ అక్కడే పెట్టమంటున్నాడు. మా ఆవిడ మాత్రం ‘అంత లాభం వచ్చేవాడికి మన డబ్బుతో ఏం పని?’ అంటోంది. ఆమెకు ఈ లెక్కలు తెలియవు. ఏం చేయమంటారు?

జవాబు: పెట్టకండి మాస్టారూ. మీ శ్రీమతి గారు అడిగినదానికి మించిన లెక్క నా దగ్గర కూడా లేదు.

ఇంగితం అంటే మనిషి మనసులో ఉన్నది ముఖంలోనో చేతల్లోనో బయటపడడం. దాన్ని కనిపెట్టడమే ఇంగితజ్ఞానం. ఆమె చేసింది అదే. అతను ఎంత ఇస్తాడన్నది పక్కన పెట్టి, ఎందుకు అడుగుతున్నాడో చూశారు. నిజంగా భూములున్న వ్యాపారి వాటిని తాకట్టు పెడితే బ్యాంకులో రూపాయి వడ్డీకి అటూ ఇటూగా అప్పు పుడుతుంది. అలాంటిది మీకు నాలుగు రూపాయలు, అంటే ఏడాదికి 48 శాతం ఇస్తానంటున్నాడంటే బ్యాంకు అతనికి ఇవ్వనన్నా అని ఉండాలి, అడిగే కాగితాలు అతని దగ్గర లేకపోయైనా ఉండాలి. డిపాజిట్లు తీసుకునే ఫైనాన్స్ కంపెనీలు సైతం ఏడాదికి 12.5 శాతానికి మించి వడ్డీ ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అనుమతి లేకుండా జనం నుంచి ఇలా డిపాజిట్లు సేకరించడం 2019 చట్టం ప్రకారం నేరం కూడా.

మీ మిత్రుడికి ఠంచనుగా ముడుతోందన్నారు. 5 లక్షల మీద నెలకు 20 వేలు, ఎనిమిది నెలలకు 1.60 లక్షలు. ఆయన ఇచ్చిన 5 లక్షల్లోంచే ఆ 1.60 లక్షలు తీసి ఇచ్చినా సరే, ఆ వ్యాపారి దగ్గర ఇంకా 3.40 లక్షలు మిగిలే ఉంటాయి. ఇలా అసలు పూర్తిగా చేతికి రావాలంటేనే 25 నెలలు పడుతుంది. వడ్డీ అన్నది ఆ తర్వాతి మాట. ఈలోగా మీలాంటివాళ్లు ఇద్దరు చేరితే ఇంకొన్నాళ్లు నడుస్తుంది. మా పెదనాన్న ఇలాంటిచోటే డబ్బు పెట్టి, వచ్చిన ప్రతి వడ్డీనీ డైరీలో ఎర్ర సిరాతో రాసుకునేవారు. పద్నాలుగు నెలలు వరసగా ఉంటుంది. ఆ తర్వాత తారీఖులు వేసి ఉన్నాయి గానీ వాటి పక్కన అంకెలు లేవు. ఆ పేజీ చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆయనేమీ తెలివితక్కువ మనిషి కాదు, ఊళ్లో అందరి పత్రాలూ చదివి పెట్టేవారు. ‘అందరూ పెట్టారు కదా’ అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయారు.

ప్రామిసరీ నోటు రాసిస్తాడు, ఖాళీ చెక్కు ఇస్తాడు అంటారేమో. డబ్బు ఉన్నవాడి దగ్గరే వాటికి విలువ. నోటు మీద కోర్టుకెళ్లడానికి మూడేళ్లే గడువు. ఈలోపు అమ్మాయి ముహూర్తం వచ్చేస్తుంది.

పెళ్లి డబ్బు 12 లక్షలను మూడు బ్యాంకుల్లో నాలుగేసి లక్షల చొప్పున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. పెళ్లికి మూడు నెలల ముందే గడువు తీరేలా చూసుకోండి. ఒక్కో బ్యాంకులో మీ పేరున అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంటుంది కాబట్టి ఇలా విడగొట్టమంటున్నాను. ‘బ్యాంకేగా, అంతా ఒకేచోట ఉంటే ఏమవుతుంది’ అనుకోవడం కూడా పొరపాటే.

మిగతా 16 లక్షల్లో 2 లక్షలు ఆస్పత్రి ఖర్చులకు అందుబాటులో ఉంచుకోండి. 14 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. 8.2 శాతం లెక్కన మూడు నెలలకోసారి 28,700 వస్తాయి. మీరు చేరిన రోజున ఉన్న వడ్డీయే ఐదేళ్లూ ఉంటుంది. పెళ్లి డబ్బు మాత్రం అందులో కలపకండి. ఏడాది దాటి రెండేళ్లలోపు తీస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు. ఖాతా మీ ఇద్దరి పేరున తెరవండి.

ఇక మీ మిత్రుడి సంగతి. ఆయనతో గొడవ పడొద్దు. ‘ఇంట్లో అవసరం పడింది, అసలు మొత్తం ఈ నెలలోనే కావాలి’ అని ఆ వ్యాపారిని అడిగి చూడమనండి. ‘ఇప్పుడు తీస్తే నష్టపోతావు’, ‘ఇంకో ఇద్దరిని చేర్పించు, చూద్దాం’ అన్నాడంటే విషయం అర్థమైపోయినట్టే. ఇచ్చేశాడంటే మరీ మంచిది. ఆ డబ్బు నేరుగా బ్యాంకులో వేసుకోమనండి. వెంటనే ఇచ్చాడు కదా, మంచివాడేనని మళ్లీ తీసుకెళ్లి అక్కడే పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.