వీధిలో తిరిగే ఆవులు, మేకలు: వర్తూరు వైపు నేను గమనించినవి

రోడ్ల వెంట తిరిగే పశువులు చేసే పనుల్లో మిమ్మల్ని నవ్వించినవి ఏవి, అవి అలా ఎందుకు చేస్తాయి అని మీరు అడిగారు. నేను బెంగళూరులో వర్తూరు వైపు నివసిస్తున్నాను. అపార్ట్‌మెంట్లు ఎన్ని లేచినా ఇక్కడి పాత ఇళ్లలో పాడి పూర్తిగా పోలేదు. ఉదయం పాలు పితికాక ఆవులను విప్పి వీధిలోకి వదిలే అలవాటు ఇంకా ఉంది.

మా వీధిలో తిరిగే నలుపు తెలుపు మచ్చల సంకరజాతి ఆవును చూస్తూ నిలబడటం నాకు చాలా ఇష్టం. అది మొదట టిఫిన్ హోటల్ ముందుకు వచ్చి, ముందుకాళ్లు రెండూ మెట్టు మీద పెట్టి, లోపలి మనిషి అరటితొక్కలు గానీ క్యాబేజీ ఆకులు గానీ తెచ్చిపెట్టేవరకు కదలదు. తరువాత కూరగాయల బండి దగ్గరకు వెళ్లి, బండి ఆయన చూస్తున్నంతసేపు తల పక్కకు తిప్పుకొని, ఆయన తూకానికి వంగగానే కొత్తిమీర కట్ట లాగేస్తుంది. ఆవు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి, సరిగ్గా వెనుక భాగం తప్ప దాదాపు చుట్టూ ఉన్నదంతా దానికి కనిపిస్తుంది. మొహం తిప్పుకున్నా దాని చూపు బండి మీదే ఉంటుంది.

హడావిడిగా మింగిన మేతను నాలుగు అరల కడుపులోని పెద్ద అర నుంచి మళ్లీ నోటికి తెచ్చుకొని నెమరు వేయడానికి ఆవుకు రోజుకు 6 నుంచి 8 గంటలు పడుతుంది. డివైడర్ పక్కన పడుకొని, హారన్లు మోగుతున్నా కళ్లు అరమూసి దవడ ఆడిస్తూ ఉండేది అందుకే. తారు త్వరగా ఆరుతుందని, చలి రాత్రుల్లో వెచ్చగా ఉంటుందని, వాహనాల గాలికి ఈగలు నిలవవని పాడి రైతులు చెబుతారు. నాకూ అది సబబుగానే తోస్తుంది.

సాయంత్రానికి పొదుగు బరువెక్కుతుంది, ఇంటి దగ్గర దాణా, దూడ ఉంటాయి. ఎవరూ తోలకుండానే అది ఇంటిదారి పడుతుంది. సిగ్నల్ దగ్గర మనుషులు గుంపుగా కదిలేవరకు ఆగి, వారి మధ్యన కలిసి దాటడం చాలాసార్లు చూశాను. మందతో పాటు నడవడం పశువులకు సహజం కనుక, ఆ కాసేపు దానికి మనుషులే మంద అనుకుంటాను.

మేకలు నేలమీది గడ్డికన్నా తలపైని ఆకులనే ఇష్టపడతాయి. ఆగి ఉన్న కారు బానెట్ ఎక్కి, అక్కడి నుంచి పైకప్పు మీదికి చేరి, వెనుక కాళ్ల మీద నిలబడి రావికొమ్మ అందుకుంటాయి. డెక్క అంచు గట్టిగా, లోపలి భాగం మెత్తగా ఉండటం వల్ల నున్నటి రేకు మీద కూడా తేలికగా జారవు.

నాకు బాధ కలిగించేది ముడివేసి పారేసే కవర్ల సంగతి. లోపలి అన్నం వాసనకు ఆవు కవరుతో సహా మింగితే ఆ ప్లాస్టిక్ అరగక కడుపులోనే పేరుకుంటుంది. అందులో మేకు ఉంటే అది గుండెకు దగ్గరగా ఉండే రెండో అరలో గుచ్చుకొని ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే మా ఇంటి చుట్టుపక్కల కొందరం తొక్కలను, కూరగాయల ముక్కలను కవరు లేకుండా, రోడ్డుకు దూరంగా పెట్టిన తొట్టిలో వేస్తున్నాం.