కత్తెర పెట్టే ముందు అడిగావా?

కావలి నుంచి ఒక అమ్మాయి రాసింది. నెల్లూరులో ఫ్యాషన్ డిజైనింగ్ మూడో ఏడాది, రోజూ రైల్లో వెళ్ళొస్తుంది. ఆరు పేజీల ఉత్తరం, అందులో ఐదు పేజీలు కాలేజీ ప్రాజెక్టుల గురించే. రెండేళ్ళుగా ఇచ్చిన ప్రతి ప్రాజెక్టుకీ డిజైన్ తనది, కటింగ్ తనది, కుట్టు మాత్రం వదినది. గాడా గుడ్డతో చేసే ట్రయల్ ముక్కల దగ్గర్నుంచి కుర్తీలు, చిన్నపిల్లల ఫ్రాకులు, అన్నీ వదినే కుట్టింది. ఆవిడ పెళ్ళికి ముందు కనిగిరిలో బ్లౌజులు కుట్టేది, మిషన్ కూడా పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే. పోయిన సెమిస్టర్లో పాత చీరతో కొత్త డ్రెస్ చెయ్యమంటే ఈ అమ్మాయి బీరువా అడుగున ఉన్న వదిన వెంకటగిరి చీర తీసి గౌను కత్తిరించింది. వదిన ఒక్క మాట అనలేదు, తనే కుట్టిపెట్టింది. క్లాసులో రెండో స్థానం వచ్చింది. నెల తిరక్కముందే వదిన ఏడాదిన్నర పాపని తీసుకుని పుట్టింటికి పోయింది, ఇంకా రాలేదు. అన్న మాట్లాడటం మానేశాడు. ఏప్రిల్లో ఫైనల్ కలెక్షన్, ఐదు డ్రెస్సులు ఇవ్వాలి. "టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, బయట టైలర్‌తో కుట్టిస్తే తప్పా? వదినని త్వరగా తీసుకురమ్మని అన్నకి ఎలా చెప్పాలి?" ఇదీ ప్రశ్న.

టైలర్ సంగతి ముందు తేల్చేస్తాను, అది రెండు నిమిషాల పని. కుట్టించుకో. పేరున్న డిజైనర్ల దగ్గర కూడా కటింగ్ మాస్టర్ వేరు, మిషన్ మీద కూర్చునేవాళ్ళు వేరు, చేతిపని వాళ్ళు వేరు. కాకపోతే మీ మేడంకి చెప్పి కుట్టించుకో, ఏది నువ్వు కుట్టావో ఏది బయట కుట్టించావో ఫైల్లో రాసివ్వు. మార్కులు తగ్గితే తగ్గుతాయి. దీనికి ఐదు పేజీలెందుకమ్మా!

నేను మూడుసార్లు చదివింది నీ ఆరో పేజీ. "ఆ చీర వదిన ఎప్పుడో గానీ కట్టదు, ఊరికే పడి ఉంది" అని రాశావు. రెండు లైన్ల కింద, అది సీమంతానికి వాళ్ళమ్మ పెట్టిన చీర అని కూడా నువ్వే రాశావు. ఈ రెండూ ఒకే చేత్తో ఎట్టా రాశావో నాకైతే అర్థం కాలేదు. బీరువా అడుగున మడతపెట్టి ఉందంటే దాచుకుందని అర్థం. మీ అమ్మ బీరువా అడుగున కూడా ఏదో ఒక చీర ఉండే ఉంటుంది, దాన్ని తీసి అడక్కుండా కత్తెర పెట్టగలవా? ఇల్లు లేచిపోతుంది. మరి వదిన చీర దగ్గర ఆ భయం ఎందుకు రాలేదు?

నువ్వు చదివేదే బట్టల చదువు కాబట్టి ఇంకో మాట. వెంకటగిరి 2022లో జిల్లాలు విడదీసేదాకా మన నెల్లూరు జిల్లాదే, అక్కడ జాందానీ బుటా ఎలా దిగుతుందో నీకు చెప్పే ఉంటారు. ఒక్కొక్క బుటాకి నేతగాడు చేత్తో పోగు అందిస్తూ నేస్తాడు. అంత సన్న నూలు గుడ్డని నువ్వు ఐమూలగా, మీ కాలేజీ భాషలో బయాస్‌లో, కత్తిరించావు. ఐమూల ముక్క సాగుతుంది, జారుతుంది, కుట్టేవాళ్ళ ప్రాణం తీస్తుంది. వదిన దాన్ని ఒక రాత్రంతా మేకుకి తగిలించి, సాగినంత సాగనిచ్చి, పొద్దున్నే అంచు సరిచేసి, ఆ రాత్రి పాపని పడుకోబెట్టి చేత్తో హెమ్మింగ్ చేసిందన్నావు. కింద నాలుగు మీటర్ల చుట్టు అన్నావు. అంగుళానికి ఎనిమిది కుట్లు లెక్కేసుకున్నా 1,250 దాటతాయి. తన సీమంతం చీరలో అన్నిసార్లు సూది దించింది మీ వదిన. ఏమీ అనలేదు కాబట్టి ఏమీ అనుకోలేదని నువ్వనుకున్నావు.

ఆ తర్వాత, మార్కులు వేయడానికి వచ్చిన మేడం అంచు తిప్పి చూసి "ఫినిషింగ్ చాలా నీట్‌గా ఉంది" అంటే నువ్వు "థాంక్యూ మేడం" అన్నావు. ఆ వీడియో ఇంటికొచ్చి అందరికీ చూపించావు, వదిన అన్నం వడ్డిస్తూ చూసింది. ఆవిడ చీర పోయిందని అలిగి వెళ్ళిందని మీ ఇంట్లో అనుకుంటున్నారు. నేనైతే ఆ థాంక్యూ విని వెళ్ళిందంటాను.

ఇక మీ అమ్మ అన్నమాట, "మన ఇంటి కోడలే కదా, ఆ మాత్రం కుట్టదా" అని. పెద్దావిడ, నేను ఎక్కువ అనను. కానీ కనిగిరిలో ఉన్నప్పుడు ఆ పిల్ల కుట్టిన ప్రతి బ్లౌజుకీ చేతిలో డబ్బు పడేది. మీ ఇంటికొచ్చాక అదే మిషన్, అదే చెయ్యి, పైసా లేదు, పేరూ లేదు. ఇంట్లో ఒకరికొకరు చేసుకోవాలి, కాదనేదాన్ని కాదు, మా ఇంట్లో నేనూ చేశాను. చేసేది ఎప్పుడూ ఒక్కరే అయితే దాన్ని చేసుకోవడం అనరు, చేయించుకోవడం అంటారు. నా పెళ్ళయిన కొత్తలో మా ఆడపడుచు నా కొత్త చెప్పులు వేసుకుని నెల రోజులు కాలేజీకి తిరిగింది, నేను అరిగిపోయిన పాతవి ఈడ్చుకుంటూ. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇప్పుడు మేమిద్దరం బాగానే ఉంటాం, అయినా ఆ చెప్పుల రంగు నాకు గుర్తే. చెప్పులకే ఇట్టా ఉంటే చీర సంగతి నువ్వే చూసుకో.

మీ అన్న నీతో మాట్లాడటం లేదు, సరే. భార్య రాత్రి ఒంటిగంటకి మిషన్ తొక్కుతుంటే రెండేళ్ళు పక్కగదిలో పడుకున్నది ఎవరు మరి? అది ఆయన రాయాల్సిన ఉత్తరం, రాస్తే అప్పుడు చెబుతాను. ఆయన్ని పంపించొద్దు, నువ్వే వెళ్ళు. అమ్మని వెంట తీసుకుపోకు, ఆవిడ వస్తే అది పంచాయితీ అవుతుంది. చిన్నబజార్లో కొత్త చీర కొని, ఒక డబ్బా మలైకాజా పట్టుకుని బయల్దేరతావేమో, ఆ పని అస్సలు చెయ్యకు. దీనికి బదులు చీర ఉండదు.

వాళ్ళమ్మ కూడా వినేట్టు చెప్పు, "అడక్కుండా కోసింది నేను, కుట్టింది వదిన, మార్కులు నేను తీసుకున్నాను" అని. అంతవరకే. ఎప్పుడొస్తావని అడగకు, ఏప్రిల్ మాట ఎత్తకు. ఆవిడ ఏమన్నా అంటే పడు, ఏమీ అనకపోతే అదీ పడు, తిరుగు బస్సెక్కు. కాలేజీలో మీ మేడంకి కూడా ఆ హెమ్మింగ్ ఎవరిదో చెప్పు. ఐదు డ్రెస్సుల్లో ఒక్కదాని అంచైనా నీ చేత్తో కుట్టు, వంకరగా వచ్చినా సరే, విప్పి మళ్ళీ కుట్టు.

పొద్దున్నే బయల్దేరితే కందుకూరు మీదుగా మధ్యాహ్నానికల్లా కనిగిరి చేరతావు. గౌను కూడా తీసుకెళ్ళు, అది ఆవిడది. ఇంకోటి, ఐదున్నర మీటర్ల చీరలో గౌనుకి ఎంత పోయిందో రాశావు గానీ కొంగు ఏం చేశావో రాయలేదు. మిగిలిన ముక్కలు పారెయ్యలేదు కదా? ఉంటే అవి కూడా ఇస్త్రీ చేసి సంచీలో పెట్టు, కొంగు పైన ఉండేట్టు.