ఏడాస్ (బండి నడపడంలో డ్రైవర్‌కు సాయపడే, హెచ్చరించే వ్యవస్థలు) ఫీచర్లకు అదనంగా డబ్బు పెట్టడం అవసరమా? బీప్‌లు భరించలేక మా డ్రైవర్లు అన్నీ ఆఫ్ చేసేస్తున్నారు

అవసరమే. కాకపోతే అన్నిటికీ ఒకే విలువ ఉండదు. సరుకు రవాణా వాహనాల డ్రైవర్లకు చాలా ఏళ్లుగా శిక్షణ ఇస్తున్నాను కాబట్టి మీరు చెప్పిన విసుగు నాకు బాగా తెలుసు. ఏది ఎప్పుడూ ఆన్‌లో ఉండాలో, దేని సెట్టింగ్ తగ్గించుకోవచ్చో డ్రైవర్‌కు తెలిస్తే ఈ గొడవ చాలావరకు తీరిపోతుంది.

ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడనిది ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. ఎదుటి బండి ఆగిందని గమనించి, కాలు బ్రేక్ మీదికి వచ్చేసరికి ఎంత చురుకైన మనిషికైనా సుమారు ఒక సెకను పడుతుంది. పరధ్యానంలో ఉంటే ఇంకా ఎక్కువ. ఆ సెకన్లను మిగిల్చేదే ఈ సిస్టమ్. ముందు హెచ్చరిస్తుంది, స్పందన లేకపోతే తనే బ్రేక్ వేస్తుంది. ప్రతిసారీ గుద్దుకోకుండా ఆపలేకపోవచ్చు, కానీ దెబ్బ తీవ్రత తగ్గుతుంది. ఈ ఫీచర్ ఉన్న కార్లు ముందు బండిని వెనుక నుంచి గుద్దే ప్రమాదాలు దాదాపు సగానికి తగ్గాయని అమెరికాలో రోడ్డు భద్రతపై పరిశోధన చేసే ఐఐహెచ్ఎస్ సంస్థ లెక్క తేల్చింది. మా డ్రైవర్లలో ఒకరు దట్టమైన పొగమంచులో వెళ్తుంటే ముందున్న లారీ ఉన్నట్టుండి వేగం తగ్గించింది. అది ఆయన కంటపడకముందే బ్రేక్ పడింది. కెమెరాకు పొగమంచు అడ్డం వస్తుంది, రాడార్‌కు అంతగా రాదు. ఆ రోజు నుంచి ఆయన కొత్తవాళ్లెవరినీ ఆ స్విచ్ ముట్టుకోనివ్వడు.

యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ ఎమర్జెన్సీ బ్రేకింగ్‌ను తప్పనిసరి చేశారు. బండి పట్టు తప్పకుండా కాపాడే ఈఎస్‌సీ కూడా 1995లో ఖరీదైన కార్లలో మొదలై, 2014 నాటికి అక్కడ ప్రతి కొత్త కారులోకీ వచ్చింది. ఇదీ అదే దారిలో వెళ్తోంది.

ఇక మీవాళ్లను విసిగించేది బహుశా లేన్ అసిస్ట్, అంటే బండి తన వరుస దాటకుండా చూసేది. అది కెమెరాతో రోడ్డు మీది గీతలను చూస్తుంది. గీతలు చెరిగిపోయినా, పనులు జరిగే చోట పాత గీతలు అలాగే ఉన్నా, ఎండ సూటిగా కొట్టినా తడబడుతుంది. అలాంటి చోట కాసేపు ఆపుకోమనే చెబుతాను. మామూలు రోడ్డు మీద మాత్రం పూర్తిగా ఆపకుండా సెన్సిటివిటీ తగ్గించుకుంటే చాలు. ఇంకొకటి, ముందు అద్దం మార్చిన తర్వాత కెమెరాను మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి, అంటే దాని చూపును సరిచేయించాలి. ఒక వర్క్‌షాప్ ఆ పని చేయకుండానే మా బండి ఇచ్చేసింది. స్టీరింగ్ ఊరికే ఒక పక్కకు లాగుతుంటే డ్రైవర్లకు దాని మీద నమ్మకం పోయింది. ఆ నమ్మకం మళ్లీ తేవడానికి చాలా కాలం పట్టింది.

ముందు బండికి తగ్గట్టు వేగాన్ని తనే సర్దుకునే అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ దూర ప్రయాణాల్లో అలసట బాగా తగ్గిస్తుంది. మ్యాప్ చూసి ముందున్న ఎత్తుపల్లాలను లెక్కేసుకునే రకమైతే డీజిల్ కూడా ఆదా. యజమానులను ఒప్పించాలంటే భద్రత కంటే ఈ మాటే త్వరగా పనిచేస్తుంది, నాకు నచ్చకపోయినా నిజం అదే. కానీ ఎక్కువ వేగంలో ఉన్నప్పుడు, ముందే ఆగి ఉన్న వాహనాన్ని చాలా క్రూయిజ్ సిస్టమ్‌లు పట్టించుకోకపోవచ్చు. ఈ సంగతి తెలియని డ్రైవర్ చేతికి దాన్ని ఇవ్వడం ప్రమాదకరం. స్టీరింగ్, వేగం రెండూ బండే చూసుకునే స్థాయిని లెవల్ 2 అంటారు, అక్కడ కూడా బాధ్యత మొత్తం డ్రైవర్‌దే.

నిద్రమత్తు హెచ్చరిక విషయంలో యాజమాన్యం తీరు మారాలి. అలర్ట్ వచ్చిందని డ్రైవర్‌కు మెమో ఇస్తే, మర్నాటికి డ్రైవర్‌ను గమనించే కెమెరాకు టేప్ అంటించి ఉంటుంది. మేం ఆ రికార్డును శిక్షలకు వాడబోమని రాతపూర్వకంగా చెప్పాం. అలర్ట్ వచ్చాక బండి ఆపి నిద్రపోతే, ఆలస్యానికి కారణం అడగం. ఆ తర్వాతే వాళ్లు దాన్ని తమ మేలు కోసం పెట్టిందిగా చూశారు.

డబ్బు పరిమితంగా ఉంటే పాదచారులను కూడా గుర్తించే ఎమర్జెన్సీ బ్రేకింగ్ మొదట తీసుకోండి, తర్వాత అద్దాల్లో కనబడని పక్కల గురించి చెప్పే బ్లైండ్ స్పాట్ హెచ్చరిక. దూరప్రయాణాలు ఎక్కువైతే అడాప్టివ్ క్రూయిజ్. లేన్ అసిస్ట్ చివర్లో చూసుకోవచ్చు. డెలివరీ రోజున బండి నడిపే మనిషినే తీసుకెళ్లి, ప్రతి ఫీచర్‌నూ రోడ్డు మీద చూపించమని అడగండి. ఏ పరిస్థితిలో అది పనిచేయదో కూడా అక్కడే చెప్పించుకోండి.