యవనులు ఎవరు? పారసీకులా, పారశీకులా?

సందేహం: ప్రాచీన గ్రీసు, పర్షియాల మీద వ్యాసం రాస్తున్నాను. గ్రీకులను 'యవనులు' అనవచ్చా? కృష్ణదేవరాయల 'యవనరాజ్య స్థాపనాచార్య' బిరుదులో యవనులంటే ముస్లింలు కదా! 'పారసీకులు', 'పారశీకులు' – వీటిలో ఏది సరి?

సమాధానం: అనవచ్చు, కాలం చూసుకుని.

గ్రీకులు తమను యవనులనుకోలేదు; హెలీనులమన్నారు. వాళ్ల దేశాన్ని కొండలు ముక్కలు చేశాయి, సాగునేల తక్కువ. అందుకే ఊరికో రాజ్యం, రాకపోకలకు సముద్రం. ఈజియన్ సముద్రానికి తూర్పున, ఇప్పటి టర్కీ పడమటి తీరంలో వాళ్లు వెలయించిన సీమ అయోనియా. మిలెటస్, ఎఫెసస్ అక్కడివే. క్రీ.పూ. 546 ప్రాంతంలో పారసీక చక్రవర్తి సైరస్ పొరుగునున్న లిడియా రాజ్యాన్ని గెలిచాక ఈ ఊళ్లు పారసీకుల ఏలుబడిలోకి వచ్చాయి. పారసీకులకు ముందుగా ఎదురైన గ్రీకులు ఈ అయోనియా వాళ్లే గనక వీళ్ల పేరే జాతి మొత్తానికి అంటుకుంది. తర్వాతి పారసీక చక్రవర్తి డరియస్ ఇరాన్‌లో వేయించిన బెహిస్తూన్ శాసనంలో అది 'యౌన'. మన ప్రాకృతంలో 'యోన', సంస్కృతంలో 'యవన'. అయోనియా వాళ్ల పేరులో గ్రీకులు తర్వాత పోగొట్టుకున్న వకారం మన మాటలో మిగిలింది.

ఆ శాసనంలోని దేశాల పట్టికలో గాంధారమూ (ఇప్పటి వాయవ్య పాకిస్తాన్ ప్రాంతం) ఉంది. అంటే ఒకే ప్రభువు కింద ఆ కొసన అయోనియా, ఈ కొసన గాంధారం. పీఠభూమి మీద పుట్టిన ఆ సామ్రాజ్యానికి బాటలే ప్రాణం. లిడియాలోని సార్డిస్ నుంచి పారసీకుల రాజధాని సూసాకు రాచబాట గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ లెక్కలో 111 మజిలీలు, 90 రోజుల నడక. కాబట్టి ఈ పేరు మనదాకా రావడానికి అలెగ్జాండర్ దండయాత్ర దాకా ఆగనక్కర్లేదు. సంస్కృత వ్యాకరణకర్త పాణినిది గాంధారంలోని శలాతురం. ఆయన సూత్రంలో 'యవన' ఉంది. దానిమీద కాత్యాయనుడి వార్తికం (వివరణ వాక్యం) 'యవనాల్లిప్యామ్': యవనుల లిపి 'యవనానీ'. ఆ 'లిపి' కూడా ఇదే బాటన వచ్చిందే. పాత పారసీకంలో 'దిపి'. గాంధారంలోని షాబాజ్‌గఢీ అశోక శాసనంలోనూ 'దిపి'యే. కర్నూలు జిల్లా ఎర్రగుడికి వచ్చేసరికి 'లిపి'.

అర్థం జారడం కాళిదాసు నాటికే కనిపిస్తుంది. రఘువంశం నాలుగో సర్గలో రఘువు బయలుదేరేది పారసీకుల మీదికి; వెంటనే వచ్చే శ్లోకంలో కవి 'యవనీ ముఖపద్మానాం' (యవన స్త్రీల ముఖపద్మాల) అంటాడు. పడమటి పరదేశీయులంతా యవనులే అయ్యారన్నమాట. రాయల బిరుదు ఆ జారుడులో మరో మెట్టు, తప్పేమీ కాదు. మీ వ్యాసంలో మాత్రం 'గ్రీకులు' అనే రాయండి. శాతవాహన రాజమాత గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలోని 'శక యవన పహ్లవ నిషూదన' (శక యవన పహ్లవులను నాశనం చేసినవాడు) లాంటివి ఉదహరించేటప్పుడు 'యవన' ఉంచండి. అక్కడి పహ్లవులు పార్థియన్లు. డరియస్ నాటి పారసీకులతో కలిపేయకండి.

ఇక రెండోది. జాగ్రోస్ కొండల దక్షిణాన ఉన్న 'పార్స' సీమ పేరే మూలం. అక్కడున్నది సకారం, కాబట్టి 'పారసీకులు' మేలు. అరబ్బీలో పకారం లేదు. అందుకే ఆ సీమ 'ఫార్స్' అయింది, భాష 'ఫార్సీ' అయింది. 'పర్షియన్లు' అన్నా చెల్లుతుంది. 'ఇరానీయులు' అంటే మీడులు, పార్థియన్లు లాంటి ఇతర ఇరాన్ జాతులు కూడా వచ్చిపడతాయి. 'పార్సీలు' అసలే వద్దు. వాళ్లు గుజరాత్ తీరానికి వలస వచ్చిన జరథుష్ట్ర మతస్థులు.

ప్రూఫులు దిద్దేటప్పుడు 'యవ్వనులు' అని పడిందేమో చూసుకోండి. యౌవనానికీ యవనులకూ చుట్టరికం లేదు.